ఒక్క కిలోమీటరూ తిరగని కారు

ఆ రోజు పొద్దున ముందుచూపుగారి పథకం చాలా చిన్నది. దుకాణం తెరవాలి, పదకొండింటికి భార్యతో కలిసి షోరూముకు వెళ్ళాలి, తెల్లకారు బుక్ చెయ్యాలి, భోజనం వేళకు ఇంటికి రావాలి.

బజారులో ఇరవయ్యేళ్ళుగా కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతున్న ఆయనకు ఆ పేరు పెట్టింది పక్కకొట్టు దర్జీ. వృత్తిని చూసి కాదు, స్వభావం చూసి. ఏ వస్తువు కొన్నా రేపు దాన్ని ఎవరికి అమ్మాలో ఇవాళే ఆలోచించే మనిషి ఆయన. సోఫా కొని తొమ్మిదేళ్ళయినా దాని ప్లాస్టిక్ తియ్యనివ్వలేదు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఇంకా అటక మీదే ఉంది. అటక మీద చోటు లేక దుప్పట్లు ఫ్రిజ్ మీద ఉన్నాయి.

కారు గొడవ మొదలైంది అత్తగారి తుంటి ఎముకతో. ఆపరేషన్ జరిగి రెండు నెలలైంది. వారానికి మూడుసార్లు ఆవిడను వ్యాయామాల ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆటో ఎక్కించాలంటే అటునుంచి కూతురు లాగాలి, ఇటునుంచి అల్లుడు తొయ్యాలి. ఎక్కేసరికి ముగ్గురికీ ఆయాసం వస్తుంది, ఆటోవాడికి విసుగొస్తుంది. అందుకే పోయిన ఆదివారం అందరూ కలిసి షోరూముకు వెళ్ళారు. అక్కడ ఓ మూల చిలకపచ్చ రంగులో, బీరువాకు చక్రాలు పెట్టినట్టు ఎత్తుగా ఒక కారు ఉంది. అత్తగారు చేతికర్ర పక్కన పెట్టి, కాలు ఎత్తే పని లేకుండా, కుర్చీలో కూర్చున్నట్టు అందులో కూర్చున్నారు.

"ఇది బాగుందే అమ్మాయ్" అన్నారు. ఆపరేషన్ తరువాత ఆవిడ బాగుందన్న మొదటి వస్తువు అది.

"బాగానే ఉంది గానీ అత్తయ్యా, తరవాత దీన్ని ఎవడు కొంటాడు?" అన్నారు ముందుచూపుగారు.

నాలుగు రోజులు అదే మాట. ఆ పొద్దున కూడా టిఫిను పళ్ళేల దగ్గర భార్య ఆఖరి ప్రయత్నం చేసింది. "ఏమండీ, మీరు కారు కొంటున్నది మా అమ్మ కూర్చోడానికా, ముక్కూ మొహం తెలీనివాడికి అమ్మడానికా?"

"రెండిటికీ. తెల్లకారైతే అడిగినవాడికల్లా నచ్చుతుంది."

"అడిగేవాళ్ళు ఎవరండీ? అడుగుతున్నది మేమే కదా!"

ఆయన ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళారు. నోటితో గెలవలేకపోతే అంకెతో గెలవాలని, పాత కార్ల వ్యాపారి ఒకడికి ఫోన్ చేసి తెల్లకారు పేరు చెప్పి, ఎంత పలుకుతుందని అడిగారు.

"ఎన్నేళ్ళయింది సార్ కొని?"

ఇంకా కొనలేదంటే ఫోన్ పెట్టేస్తాడేమోనని "కొత్తదేనండీ" అన్నారు.

"ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?"

"తిరగలేదు."

"అంటే, వెయ్యి లోపా?"

"అసలు తిరగలేదండీ. ఒక్కటి కూడా."

"మరి ఎందుకు అమ్మేస్తున్నారు సార్?"

"ఇంట్లోవాళ్ళకి నచ్చలేదు." ఆ ఒక్క ముక్కా నిజమే.

"కళ్ళతో చూడకుండా ధర చెప్పలేను సార్. ఇల్లెక్కడ?"

చిరునామా చెబితే ధర చెబుతాడేమో అనుకుని ఆయన చిరునామా చెప్పారు. వాడు ధర చెప్పకుండానే ఫోన్ పెట్టేశాడు. ముందుచూపుగారు చిరాకుపడి, స్కూటరెక్కి దుకాణానికి వెళ్ళిపోయారు. కాసేపటికి భార్య కూడా తను పనిచేసే లైబ్రరీకి వెళ్ళింది.

వాళ్ళు వెళ్ళిన పావుగంటకే వ్యాపారి ఓ కొనుగోలుదారుణ్ణి వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. వచ్చినాయన పళ్ళ డాక్టరు. తలుపు తీసింది అత్తగారు.

"కొత్తకారు నడపకుండానే అమ్మేస్తున్నారంట, నిజమేనామ్మా?" అని అడిగాడు వ్యాపారి.

అత్తగారికి కడుపులో నాలుగు రోజుల మంట ఉంది. "ఏం చెప్పమంటావు నాయనా! మా అల్లుడికి ఏం కనపడుతుంది గనక? ఎదురుగా ఉన్న మనిషే కనపడడం లేదు" అని కళ్ళొత్తుకున్నారు.

వచ్చినవాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. పళ్ళ డాక్టరు చెప్పులు వేసుకుంటూ "ఎన్నాళ్ళనుంచమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"పెళ్ళయిన దగ్గర్నించీ" అన్నారు అత్తగారు.

ముందుచూపుగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఒక ఫ్రేముకు మర బిగిస్తుండగా అత్తగారు చెప్పిన గుర్తులతో వాళ్ళు దుకాణంలోకి వచ్చారు. వ్యాపారి చప్పుడు కాకుండా వచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా "సార్, నేను సార్! పొద్దున ఫోన్లో మాట్లాడినవాణ్ణి!" అన్నాడు. ఆయన ఉలిక్కిపడ్డారు. మర జారి కింద పడింది. వంగి నేలంతా తడుముతుంటే పళ్ళ డాక్టరు నిట్టూర్చి, మర తీసి, ఆయన అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"కారెక్కడుంది సార్?"

ఇక దాచి లాభం లేదనుకున్నారు. "నిజం చెప్పాలంటే... కారు ఇంకా కొనలేదండీ."

వ్యాపారి పళ్ళ డాక్టరు వైపు చూసి, వేలితో తన కణత మీద చిన్నగా తట్టి చూపించాడు. కళ్ళతో ఆగలేదన్నమాట. ఇద్దరూ వెనక్కి నడుచుకుంటూ బయటికి వెళ్ళి, దర్జీ దగ్గర ఆగి, పాపం ఈయనకు తోడెవరైనా ఉన్నారా అని అడిగారు.

దర్జీకి చెప్పడమంటే బజారుకు చెప్పడమే. పది నిమిషాల్లో మందుల కొట్టుకూ పూలమ్మే ఆవిడకూ తెలిసిపోయింది. పావుగంటలో, నిన్ననే కొత్త జోడు తీసుకెళ్ళిన పంతులమ్మ వచ్చి దాన్ని బల్లమీద పెట్టింది.

"ఏమైందమ్మా, సరిపోలేదా?"

"సరిపోయింది సార్. నిన్నటిదాకా బాగానే కనపడింది. కానీ మీరు చూసి బిగించారు కదా... అదే, చూడకుండా..." ఆవిడకు ఏడుపొచ్చింది. "మీరు బాధపడకండి సార్. మా పెదనాన్నకూ ఇలాగే అయింది."

"నాకేమైందమ్మా?" అన్నారు ముందుచూపుగారు. ఆవిడ ఇంకా గట్టిగా ఏడుస్తూ వెళ్ళిపోయింది.

సంగతి చెప్పింది ఎదురు వరసలోని కంటి డాక్టరు. చెప్పింది కూడా మందు చుక్కలు వేశాకే. ఆయన తన రోగులను కూర్చున్నవాళ్ళను కూర్చున్నట్టే వదిలి పరుగున వచ్చి, ముందుచూపుగారి తల వెనక్కి వంచి, రెండు కళ్ళలోనూ చుక్కలు వేసి, "ఇరవయ్యేళ్ళ స్నేహం. నాకు చెప్పకుండా దాచావా?" అన్నాడు.

"ఏం దాచానయ్యా!"

"చూపు పోయిందని బజారంతా చెప్పుకుంటోంది. రెప్పలు ముయ్యి."

అరగంట తరువాత లైటు వేసి, లోపలంతా పరీక్షగా చూసి, డాక్టరు ఆనందంతో ఆయన్ని కౌగిలించుకున్నాడు. "నీ చూపు లక్షణంగా ఉంది! ఇంకో పదేళ్ళు ఢోకా లేదు. కాకపోతే ఈ చుక్కలకు సాయంత్రం దాకా దగ్గరివేవీ కనపడవు. ఎండలోకి వెళ్ళకు, బండి ముట్టుకోకు."

ముందుచూపుగారు తన అరలోంచే ఓ నల్లకళ్ళద్దాల జోడు తడిమి తీసి పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే బడి హెడ్మాస్టరు వచ్చారు. ఈ ఏడు బడిలో నలభై మంది పిల్లలకు కళ్ళజోళ్ళు చేసే పని ముందుచూపుగారికే ఇస్తామని మాటిచ్చిన మనిషి. ఆ పని వస్తేనే దుకాణం ఈ ఏడాది గట్టెక్కేది.

"ఏవేవో విన్నాను. నమ్మలేదు" అన్నారు హెడ్మాస్టరు మర్యాదగా. "మా పిల్లల జాబితా తెచ్చాను. ఒక్క రెండు పేర్లు చదివి వినిపించండి, చాలు. నేనే వెళ్ళి అందరి నోళ్ళూ మూయిస్తాను."

ముందుచూపుగారు కాగితాన్ని ముక్కు దాకా తెచ్చారు. చెయ్యి చాచినంత దూరం పెట్టారు. నల్లకళ్ళద్దాలు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. అక్షరాలు చీమల్లా ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి.

"సాయంత్రం చదువుతానండీ" అన్నారు చివరికి.

"తిరగేసి పట్టుకున్నారు" అన్నారు హెడ్మాస్టరు, ఎంతో జాలిగా. కాగితం మెల్లగా తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆయన వెళ్ళాక ముందుచూపుగారు బల్లమీద తల వాల్చారు. ఇరవయ్యేళ్ళు ఊళ్ళో వాళ్ళ చూపు సరిచేసి కట్టుకున్న దుకాణం పొద్దుటి ఒక్క ఫోనుతో పదకొండింటికల్లా కూలిపోయింది. మాటలతో చెబితే ఎవరూ వినరు. చదివి చూపిద్దామంటే కళ్ళు లేవు. ఇక మిగిలింది ఏమిటి?

షోరూముకు వెళ్దామని అప్పుడే భార్య వచ్చింది. దారిలో ముగ్గురు ఆపి ఓదార్చారట. జరిగిందంతా విని, నవ్వాలో ఏడవాలో తెలియక పక్కన కూర్చుంది.

"నేను కారులో ఈ బజారు గుండా వెళ్ళాలి" అన్నారు ముందుచూపుగారు తలెత్తి. "ఇవాళే. అందరూ చూస్తుండగా. కళ్ళు లేనివాడు కారెందుకు కొంటాడు? చూసినవాళ్ళకి ఆ మాత్రం తడుతుంది. పద షోరూముకి."

షోరూములో పిల్లవాడిలా నవ్వే అమ్మకాలాయన కంప్యూటరు చూసి పెదవి విరిచాడు. "తెల్లకారుకి ఆరువారాలు ఆగాలి సార్. ఎక్కడ చూసినా దానికే గిరాకీ."

"ఇవాళ ఏది ఇవ్వగలవు?"

అమ్మకాలాయన మూలకు చూశాడు. భార్య కూడా చూసింది. ముందుచూపుగారికి చూపు ఆనకపోయినా, ఎటు చూస్తున్నారో అర్థమైంది.

"అదైతే తాత్కాలిక నంబరు వేసి ఇవాళే ఇచ్చేస్తాం సార్. ఏడాదినుంచీ సిద్ధంగానే ఉంది."

ఆ రంగును కొనేవాడు ఇంకా పుట్టి ఉండడని ముందుచూపుగారికి తెలుసు. సగం ధరకు కూడా ఎవడూ అడగడు. అడగడానికి ఇంటికొస్తే వాడి కళ్ళు పరీక్ష చేయించాలి. కానీ దుకాణమే లేకపోతే కారును ఎంతకు అమ్మితే ఏమిటి?

"సంతకం ఎక్కడ?" అన్నారు నీరసంగా. భార్య ఆయన చూపుడువేలు పట్టుకుని కాగితాల మీద ఒక్కొక్క చోటా ఆనించింది. ఆయన పెట్టుకుంటూ పోయారు.

తాళాలు చేతికొచ్చాక ఇంకో సంగతి గుర్తొచ్చింది. బండి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. లైసెన్సు ఇద్దరికీ ఉంది, పోయిన ఏడాది కలిసే తీసుకున్నారు. భార్య తాళాలు తీసుకుని ఎడంపక్క తలుపు తెరిచి, ఆయన తలకు దెబ్బ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి కూర్చోబెట్టింది. ఇంటికెళ్ళి అత్తగారిని ఎక్కించుకున్నారు. లాగడం, తొయ్యడం ఏమీ అవసరం రాలేదు. నాలుగింటికి ఆసుపత్రికి చేరాలి. దారి బజారు గుండానే.

బజారంతా చూసింది. చూడకుండా ఉండడం ఎవరి తరమూ కాదు, ఆ రంగు అటువంటిది. స్టీరింగు దగ్గర బిగుసుకుని భార్య, పక్కన నల్లకళ్ళద్దాలతో కదలకుండా ముందుచూపుగారు. చెయ్యూపితే నమ్ముతారేమోనని ఆయన చెయ్యూపారు. ఎండ మిరుమిట్లలో ఊపింది మూసి ఉన్న మందుల కొట్టు వైపు. దర్జీ కత్తెర కింద పెట్టి లేచి నిలబడ్డాడు. "రంగు కూడా తెలీకుండా కొన్నాడు పాపం" అని ఎవరో అనడం కిటికీలోంచి స్పష్టంగా వినిపించింది.

"బాధపడకండి" అంది భార్య రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "రేపు పొద్దున అందరికీ చదివి చూపిద్దురుగాని."

"రేపు ఎవడొస్తాడు?" అన్నారు ఆయన.

ఆసుపత్రి మెట్ల దగ్గర కారు ఆగింది. అత్తగారు ఎవరి సాయమూ లేకుండా దిగి, చేతికర్ర పట్టుకుని, వెనక్కి కూడా చూడకుండా వసారా దాకా నడిచి వెళ్ళారు. దూరంగా ఉన్నారు గనక ముందుచూపుగారికి ఆవిడ బాగానే కనపడ్డారు. రెండు నెలల్లో ఆవిడ బయట ఒంటరిగా నడవడం ఆయన చూడలేదు. నల్లకళ్ళద్దాలు పైకెత్తి కళ్ళు తుడుచుకున్నారు. సంతోషమో, కారో.

ఆయన దిగబోయి, దగ్గరున్న మెట్టు కనపడక తలుపు పట్టుకుని వేలాడారు. అత్తగారి కోసం చక్రాల కుర్చీ తెచ్చిన ఆయాలిద్దరూ ఆవిడను చూసి, ఈయన్ని చూసి, పరుగున వచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు. ఆయన వద్దనలేదు. పొద్దుటినుంచీ వద్దని చెప్పి చెప్పి నోరు పడిపోయి ఉంది.

లోపల పేర్లు రాసుకునే ఆవిడ ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా వేసి ఇబ్బంది పెట్టలేదు. తనే అత్తగారి ఫారం నింపి, సంతకం చోట ఆయన వేలిముద్ర వేయించుకుంది.