ఊపి ఎంచిన డబ్బా

ఆ ఉదయం తల్లి అనుకున్నది చిన్న పనే. బొమ్మల కొట్టుకు వెళ్లాలి, ఒంటికన్ను కుందేలును కొనాలి, కూతురి చేతిలో పెట్టాలి, మాట కలుపుకోవాలి.

వారం క్రితం కూతురి గదిలో దుమ్ము దులుపుతూ, ఏడుస్తున్న పక్కింటి పాపాయికి అరలోంచి ఒక బొమ్మ తీసి ఇచ్చింది. ఉద్యోగం చేస్తున్న పిల్లకు ఇంకా బొమ్మలేమిటి అనుకుంది. తీరా అది మూసిన డబ్బాల్లో అమ్మే బొమ్మల్లో ఎంత వెతికినా దొరకని ఒంటికన్ను కుందేలట. వెనక్కి తెచ్చేసరికి పాపాయి దాని చెవులు కొరికేసింది. కూతురు ఒక్క మాట అనలేదు. అప్పటినుంచీ ఒక్క మాటా అనలేదు.

"మూసిన డబ్బా కొంటావా? లోపల ఏ బొమ్మ ఉందో అమ్మేవాడికే తెలీదటగా. దండగ," అన్నాడు భర్త, పేపరు దించకుండా.

"మిమ్మల్ని చేసుకున్నప్పుడు నాకు తెరిచి చూపించారా?" అంటూ ఆమె చెప్పులు వేసుకుంది.

కొట్టులో డబ్బాలన్నీ ఒకేలా ఉన్నాయి. "కొన్నాకే తెరవాలండీ. తెరిచాక వెనక్కి తీసుకోం," అన్నాడు కొట్టతను. తల్లి పుచ్చకాయలు ఎంచడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఒక్కో డబ్బానూ చెవి దగ్గర పెట్టి ఊపింది, వేలితో తట్టింది, పెదవి విరిచి పక్కన పెట్టింది.

వెనక నిలబడ్డ కాలేజీ పిల్ల అది చూసింది. "ఈవిడకేదో కిటుకు తెలుసే," అని స్నేహితురాలి చెవిలో ఊది, ముందుకొచ్చింది. "ఆంటీ, నాకూ ఒకటి చూసిపెట్టరా?"

తనకేమీ తెలీదని చెప్పబోయింది తల్లి. కానీ ఆమెను ఇంట్లో ఎవరైనా ఏదైనా అడిగి చాలాకాలమైంది. "గలగలమనేది తీసుకోకమ్మా. చప్పుడు చేయనిదే మంచిది," అని ఒకటి ఎంచి ఇచ్చింది.

కాసేపటికి ఆమె ముందు వరస కట్టారు. ఎవరో వీడియో తీశారు. కొట్టతను కుర్చీ తెచ్చి వేశాడు. తన డబ్బా తాను ఎంచుకునే సమయానికి ఆమె భుజం పట్టేసింది.

కాలేజీ పిల్ల డబ్బాలోంచి ఒంటికన్ను కుందేలు బయటికొచ్చింది. తల్లి డబ్బాలోంచి పచ్చ కప్ప.

"మార్చుకుందామా అమ్మా? మా అమ్మాయి కోసం."

"అయ్యో ఆంటీ, మీరంతగా ఎంచి ఇచ్చింది, ఎలా వదులుకుంటాను?" అంటూ ఆ పిల్ల కుందేలును సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

ఇంటికొచ్చేసరికి కూతురు గుమ్మంలోనే ఉంది, చేతిలో ఫోనుతో.

"వీడియో చూశాను," అంది. మాట వచ్చిందన్న సంతోషంలో తల్లి కప్పను అందించబోయింది.

"ఊళ్లోవాళ్లకు కుందేలా? నాకు కప్పా? నా చదువూ ఇలాగే ఎంచావు. నా ఉద్యోగమూ ఇలాగే ఎంచావు. నీకేం కావాలే అని ఒక్కసారి అడిగావా?"

"నేను ముందే చెప్పాను, దండగని," అన్నాడు భర్త.

"మీరు ఊరుకోండి నాన్నా. మీరు నాకోసం ఆపాటి కూడా ఎంచలేదు."

అక్కడితో ఆగలేదు. ఒకటో తరగతి గౌను రంగు దగ్గర మొదలుపెట్టి వరసగా చెప్పుకొస్తోంది. భర్త తన వంతు సమాధానాలు చెబుతున్నాడు. తల్లి కప్పను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపింది. ఆ ఇంట్లో చప్పుడు చేయనిది అదొక్కటే.