కుడిపక్క దోనె

“సముద్రం కోస్తా జిల్లాల సొంత సొత్తు కాదు!”

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, మండుటెండలో, ఒక గుడారంలో ఈ సత్యం వెలువడింది. వెలువరించినవారు లోతునీటి చేపల పడవల నమూనా విభాగం డైరెక్టరుగారు. గుడారమే కదా అని చులకన చెయ్యకండి. ఆ రోజుల్లో ప్రభుత్వంలో పెద్దభాగం గుడారాల్లోనే ఉండేది. గాలి కాస్త గట్టిగా వీచిందంటే ఒక శాఖ కాగితాలు ఎగిరి ఇంకో శాఖలో పడేవి. కొన్నైతే అక్కడే పరిష్కారమైపోయేవి కూడా!

“సముద్రం అక్కడుంది, సరే. దాన్ని ఇక్కడికి మోసుకురాలేం. కానీ పడవ? పడవను రాయలసీమలో కట్టకూడదని ఏ చట్టంలో ఉంది? సముద్రమూ వాళ్ళకే, పడవలూ వాళ్ళకేనా?” అన్నారు డైరెక్టరుగారు.

బాలసుబ్రహ్మణ్యం అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. కొట్టక ఏం చేస్తాడు? అతనిది టెంపరరీ ఉద్యోగం. ప్రొద్దుటూరి కుర్రాడు, మద్రాసులో లెక్కల డిగ్రీ చదివాడు. చదువుకునే రోజుల్లో సాయంత్రాలు సముద్రపొడ్డున కూర్చుని శనగ గుగ్గిళ్ళు తినేవాడు. ఇంటర్వ్యూలో “సముద్రానుభవం ఉందా?” అని అడిగితే ఉందన్నాడు. అబద్ధమేం కాదు కదా!

అతనికి పెళ్ళయి ఏడాది దాటింది. భార్య సుందరలక్ష్మి మాత్రం పుట్టింట్లోనే ఉంది. ఒకసారి కర్నూలు వచ్చి, మొగుడి గుడారంలో పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది. ఎసరు కాగేలోగా గాలొచ్చి గుడారం ఎగిరిపోయింది. ఆమే, పొయ్యీ, గిన్నే బజారులో అందరికీ దర్శనమిచ్చాయి. “గోడలుండే ఇల్లు దొరికినప్పుడు పిలవండి, వస్తాను” అని చెప్పి ఆమె రైలెక్కేసింది. గోడలుండే ఇళ్ళేమో పర్మనెంటు వాళ్ళకే ఇస్తారు. పడవ పూర్తయి ఏట్లో తేలితే పర్మనెంటు చేయిస్తానని డైరెక్టరుగారు మాటిచ్చారు. ఇక చూడండి, బాలసుబ్రహ్మణ్యానికి పడవ అన్న మాట వినపడితే చాలు, సుందరలక్ష్మి కళ్ళముందు నిలబడేది. పాపం, పెళ్ళాం మీద బెంగతో అన్నం కూడా సహించేది కాదు.

కష్టపడి నమూనా గీశాడు. సన్నటి పొడుగాటి దోనెలు రెండు. వాటిని పక్కపక్కన, నడుమ ఎడం వదిలి, పైన దూలాలతో బిగించాలి. దూలాల మీద పలకలు పరిస్తే వలలు పెట్టుకోవడానికి కావలసినంత చోటు. అల ఎంత కొట్టినా బోల్తాపడదు. గీసింది గుడారంలోనైనా లెక్క తప్పని మంచి నమూనా. ఈ సంగతి ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తరవాత ఎవరికీ గుర్తులేదు.

కట్టే పనిని తుంగభద్ర ఒడ్డునున్న గుండ్లకొట్టాల గ్రామానికి ఇచ్చారు. ఆ ఊళ్ళో ఇద్దరు పెద్దలు, తిమ్మారెడ్డి, నారపరెడ్డి. ఇద్దరికీ రెండు పార్టీలు. తాతల నాటి పగ! వీళ్ళ బావి నీళ్ళు వాళ్ళు తాగరు, వాళ్ళ బడికి వీళ్ళ పిల్లలు పోరు. నిరుటి తిరునాళ్ళలో ఇరువైపులా తలలు పగిలాయి. పని ఒకరికిస్తే రెండోవారు ఊరుకోరు. అయితేనేం, పడవలో దోనెలు రెండు కదా! చెరొకటి!

“నీ పడవ ఈ ఊరికోసమే పుట్టినట్టుందయ్యా!” అని డైరెక్టరుగారు భుజం తట్టారు.

చిక్కు మర్నాడే వచ్చింది. పెద్దలిద్దరూ గుడారానికి వచ్చి, ఒకరికొకరు వీపులు పెట్టి కూర్చున్నారు.

“ఆఫీసరప్పా, ఆ పక్క కూర్చోనుండే ఆయప్పకు చెప్పు. కుడిపక్క దోనె మాది” అన్నాడు తిమ్మారెడ్డి, గుడారం గుడ్డతో మాట్లాడుతున్నట్టు.

బాలసుబ్రహ్మణ్యం అటు తిరిగాడు. నారపరెడ్డి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాడు. “తిమ్మారెడ్డిగారు ఏమంటున్నారంటే...”

“నాకేం చెవుడు లేదప్పా. ఆ పెద్దమనిషికి నువ్వు చెప్పు. మా నాయన ఎవురికీ ఎడంపక్క నిలబడలేదు. నేనూ నిలబడను. మా దోనె అసలే నిలబడదు!”

“నీళ్ళల్లో కుడేంది, ఎడమేంది, రెండూ ఒకటే కదండీ!”

“నీళ్ళల్లో ఒకటేనప్పా!” అన్నారు ఇద్దరూ ఒక్కసారే. “ఒడ్డు మీద నుంచి జనం చూస్తాంటారు గదా!”

ఆ రోజు ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే. దోనెలు తయారవుతూనే ఉన్నాయి. వీళ్ళు ఒక జాన పెంచారని తెలిస్తే వాళ్ళు జానెడు అతికేవారు. వీళ్ళు మొనకు ఇత్తడి తొడుగు వేస్తే వాళ్ళు గంట కూడా కట్టారు. కానీ రెండింటినీ కలిపి బిగించడానికి మాత్రం ఎవరి వడ్రంగీ ఒప్పుకోడు. డైరెక్టరుగారు ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టేశారు. ఇల్లు రాదు, ఉద్యోగం పోతుంది, సుందరలక్ష్మి పుట్టింట్లోనే ఉండిపోతుంది! ఆ భయంలోంచే బాలసుబ్రహ్మణ్యానికి ఉపాయం పుట్టింది.

రెండు పెన్సిళ్ళు తీసి బల్లమీద పక్కపక్కన పెట్టాడు. ఒకదాని మొన తూర్పుకు, రెండోదాని మొన పడమటికి.

“తిమ్మారెడ్డిగారూ, మీరు మీ దోనెలో తూర్పుముఖంగా కూర్చోండి. నారపరెడ్డిగారూ, మీరు మీ దోనెలో పడమటి ముఖంగా కూర్చోండి. ఎవరి మొన వైపు వాళ్ళు చూసుకుంటే ఎవరి దోనె వాళ్ళకు కుడిపక్కే!”

ఇద్దరూ చాలాసేపు పెన్సిళ్ళ కేసి చూశారు. లెక్క సరిగ్గా ఉంది. పైగా ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. “శానా బాగుండాది!” అని గుడారం గుడ్డకు చెప్పి వెళ్ళిపోయారు. పడవ ఎటు పోతుందని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

బాలసుబ్రహ్మణ్యానికి మనసు ఒప్పక డైరెక్టరుగారితో చెప్పాడు. “సార్, ఇది ముందుకు పోదేమో.”

“వెనక్కి పోతుందా?”

“వెనక్కీ పోదు సార్.”

“మరింకేం? వెనకడుగు వెయ్యని పడవ అని రాయి!”

ముహూర్తం రోజున ఏటి ఒడ్డంతా జనం. సన్నాయిలు, కొబ్బరికాయలు, డైరెక్టరుగారి ఉపన్యాసం అన్నీ అయ్యాయి. పెద్దలు చెరో దోనెలో ఎక్కారు. నమూనా గీసినవాడు కాబట్టి బాలసుబ్రహ్మణ్యం నడుమ పలకల మీద నిలబడ్డాడు. ఎవరి మనుషులు వాళ్ళ మొన వైపు తెడ్లు వెయ్యడం మొదలుపెట్టారు. పడవ కదిలింది. నిజం చెప్పాలంటే తిరిగింది. నూనె గానుగ తిరిగినట్టు ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది! అటు వాళ్ళు ఓడకూడదని గట్టిగా వేస్తే ఇటు వాళ్ళు ఇంకా గట్టిగా వేశారు. జనం ఈలలు వేశారు. తెడ్లు వేసేవాళ్ళకు కళ్ళు తిరిగి, ఈత వచ్చిన పుణ్యాన ఒక్కొక్కరే దూకి ఒడ్డు చేరుకున్నారు. ఈత రాని పెద్దలిద్దరూ, బాలసుబ్రహ్మణ్యమూ పడవలో మిగిలారు. పడవ తిరుగుతూనే కొట్టుకుపోయి, పెద్ద రాతిగుండు వెనకాల ఇసుకదిబ్బ మీద కూలబడింది. అక్కడ జమ్ము ఏపుగా ఉంది. ఒడ్డు కనపడదు.

తిమ్మారెడ్డి అటూ ఇటూ చూశాడు.

“ఎవురన్నా కనపడ్తాండారా?”

“ఎవురూ లేరు” అన్నాడు నారపరెడ్డి. “బావా, ఆ ఆకుతిత్తి ఇట్లియ్యి. నోరు ఎండిపోతాండాది.”

“నీ తిత్తి ఏమాయె?”

“ఏట్లో పడింది. నీ దోనె తిప్పుడుకు పేగులు బయటికి రాలేదు, అది సంతోషం!”

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. తిమ్మారెడ్డి ఆకుకు సున్నం రాసి మడిచి నారపరెడ్డి నోటికి అందించాడు. బాలసుబ్రహ్మణ్యం నోరు తెరుచుకుని చూస్తుంటే అతనికీ ఒకటి మడిచాడు.

“మీరు... మాట్లాడుకుంటారా?”

“మాట్లాడుకోక ఏమప్పా! చిన్నప్పట్నుంచి ఒకే కంచంలో తిన్నోళ్ళం” అన్నాడు నారపరెడ్డి.

“మరి పగ?”

“పగ లేకుంటే ఊరికి రెండు బావులొచ్చేవా? రెండు బళ్ళొచ్చేవా? సర్కారోళ్ళు ఒకరికిచ్చి పోతారు. పగ ఉండాదంటే రెండిస్తారు. ఊరికే ఉంటాదనుకుంటివా పగ? దానికి శానా పాటుపడాల!”

“తిరునాళ్ళలో మీ మనుషులు నిజంగానే తలలు పగలగొట్టుకున్నారు కదండీ?”

“వాళ్ళకు తెల్వదు గదప్పా” అన్నాడు తిమ్మారెడ్డి జాలిగా. “తెలిస్తే ఎవురు కొట్టుకుంటారు?”

బాలసుబ్రహ్మణ్యానికి ఒళ్ళు మండింది. ఆ తలల్లో ఒకటి అతనికి బాగా తెలిసినదే. తెడ్డు వేసినవాళ్ళలో ఒకడికి నుదుట ఇంకా మచ్చ ఉంది. కానీ మంటలోనే ఒక ఆశ కూడా మెరిసింది. “అయితే ఇక గొడవేముంది! రెండు మొనలూ ఒకే వైపు పెడదాం. మంచి పడవండీ అది, బాణంలా దూసుకుపోతుంది!”

“ఎడంపక్క ఎవురు?”

“మీరు స్నేహితులు కదా!”

“స్నేహితులమేనప్పా. ఒడ్డు మీద జనం ఉండారు గదా!”

అంతలో జమ్ము కదిలింది. ఏరు దాటించే బొజ్జన్న తన తోలుపుట్టి తోసుకుంటూ వచ్చాడు. ఇద్దరు పెద్దలూ చెరోవైపు తిరిగిపోయారు.

“ఆయప్ప ఎక్కిన పుట్టిలో నేను అడుగుపెట్టను!” అని అరిచాడు తిమ్మారెడ్డి.

“అడుగుపెడితే కాళ్ళు ఇరుస్తా!” అని అరిచాడు నారపరెడ్డి, నోట్లో తిమ్మారెడ్డి ఆకు నములుతూనే.

రెండో పుట్టి తెప్పించారు.

ఒడ్డు చేరగానే డైరెక్టరుగారు బాలసుబ్రహ్మణ్యాన్ని ఒక పక్కకు తీసుకెళ్ళారు. “ఏమయ్యా, అంతసేపు ముగ్గురే ఉన్నారు కదా. వాళ్ళిద్దరూ ఏమన్నా మాట్లాడుకున్నారా? దాచకుండా చెప్పు.”

బాలసుబ్రహ్మణ్యం లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే పడవ బాగుపడుతుంది. ఊరు కూడా బాగుపడుతుందేమో! కానీ పెద్దలిద్దరూ ఒక్కటై తన మీద పడతారు. ఉద్యోగం ఊడుతుంది. అటు చూస్తే తెడ్డు వేసిన ఆ మచ్చవాడు తడిబట్టలు పిండుకుంటున్నాడు. ఇటు చూస్తే కళ్ళముందు సుందరలక్ష్మి, గోడలు. సిగ్గేసింది. సిగ్గుపడుతూనే తల ఎత్తాడు.

“లేదు సార్. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఉమ్మి వేసుకున్నారు, అంతే.”

డైరెక్టరుగారు అతని కళ్ళల్లోకి చూసి మెల్లగా నవ్వారు.

“మొన్న ఆదివారం ఇద్దరూ మా ఇంట్లోనే భోంచేశారయ్యా. ఒకరి విస్తట్లో వడ ఒకరు లాక్కుని తిన్నారు. వాళ్ళు కలిసిపోతే మన విభాగానికి రెండో పడవ ఎవరు మంజూరు చేస్తారు? నీ నోరు నిలుస్తుందో లేదో చూద్దామని అడిగాను. నిలిచింది. నిన్ను పర్మనెంటు చేయిస్తున్నాను.”

పదిహేను రోజుల్లో సుందరలక్ష్మి కర్నూలు స్టేషన్లో దిగింది. మొగుణ్ణి చూడగానే మొహం విప్పారింది. అతనికీ కళ్ళు చెమర్చాయి. ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని నడుస్తుంటే ఆమె పక్కన నడుస్తూ అడిగింది.

“పడవ బాగా పోయిందా అండీ?”

“పోలేదు.”

“పోలేదా? మరి ఉద్యోగం దేనికి ఖాయం చేశారు?”

“నిజాయితీకి!” అన్నాడు బాలసుబ్రహ్మణ్యం, ఈసారి సిగ్గు కూడా పడకుండా.