లిఫ్టు కోసం కాల్చిన కరెంటు

మా దేగూ నగరంలో ఆగస్టు ఎండకి కోళ్ళు ఉడికిన గుడ్లే పెడతాయి. అబద్ధమనుకునేవాళ్ళు వచ్చి వలుచుకుని చూసుకోవచ్చు. అలాంటి ఒక ఉదయాన, పాత తొమ్మిదంతస్తుల అపార్టుమెంటు మేనేజరు ప్యో గిల్సూ గొంతు సవరించుకుని మైకు ముందు కూర్చున్నాడు. అందులో మాట్లాడితే ప్రతి ఇంటి గోడలోనూ ఉన్న స్పీకరు పలుకుతుంది. దాన్ని ఆపే మీట మాత్రం ఏ ఇంట్లోనూ లేదు.

గిల్సూ బాధ ఒక్కటే, లిఫ్టు. వసంతంలో చచ్చిన లిఫ్టు మళ్ళీ లేవలేదు. ఉన్నవాళ్ళంతా ముసలివాళ్ళు. తొమ్మిదో అంతస్తు మేంగ్ మామ్మ మోకాళ్ళు మెట్లు దిగడానికి ఏనాడో సెలవు చెప్పేశాయి. పెద్దల సమాధులకి మొక్కే చుసక్ పండగలోగా కొండమీద మొగుడి సమాధికి వెళ్ళి, గడ్డి కోసి, గిన్నెడు బియ్యపు సారా పోసి రావాలని ఆవిడ ఆరాటం. "గడ్డి ఏపుగా పెరిగిందంటే నేను మళ్ళీ పెళ్ళి చేసుకున్నానని ఆయన అనుమానపడతాడు నాయనా!" అని రోజూ ఫోనులో ఏడ్చేది.

దారి చూపించినవాడు బిన్ అనే పెద్దమనిషి, భవనాల చేత కరెంటు పొదుపు చేయించి కమీషను పుచ్చుకునే కంపెనీవాడు. ఎండలు ముదిరి ఊరికి కరెంటు చాలనప్పుడు కంపెనీ కబురు పెడుతుంది. ఆ గంటసేపు భవనం తన మామూలు వాడకం తగ్గించుకుంటే, అందుకు బదులుగా లిఫ్టు బాగుచేయిస్తారు. జూలైలో మొదటి కబురు రాగానే జనం ఫ్యాన్లు కూడా ఆపేసి, తడిగుడ్డలు కప్పుకుని శవాల్లా పడుకున్నారు. ఫలితం సున్నా.

"మీ మామూలు వాడకమే మిణుగురంత ఉందండీ," అన్నాడు బిన్. "తగ్గించాలంటే ముందు ఉండాలి కదా! కొన్నాళ్ళు మధ్యాహ్నాలు బాగా కాల్చండి. ఈసారి ఆ లెక్క మీదే కొలుస్తాం."

అదీ ఆ ఉదయం మైకు కథ. "అందరికీ మనవి. ఈ రోజు నుంచి మధ్యాహ్నం పూట ఏసీలు వేసుకోండి. దయచేసి కరెంటు కాల్చండి," అన్నాడు గిల్సూ.

భవనం ఉలిక్కిపడింది. అక్కడ ఏసీ లేని ఇల్లు లేదు, ఏసీ వేసిన ఇల్లూ లేదు. బిల్లుకి భయపడి ప్రతిదానికీ ఊలు తొడుగు అల్లి, పెళ్ళికూతురిలా ముసుగేసి కూర్చోబెట్టారు.

ముందుగా మహిళా సంఘం పెద్ద టాక్ అమ్మగారు ఐసుగడ్డ పట్టుకుని ఆఫీసులోకి దూసుకొచ్చింది. "కరెంటు కాల్చమని చెప్పే మేనేజరుని నా జన్మలో చూడలేదు. ఇది వడదెబ్బే. తల వంచు."

"నా తల బాగానే ఉందక్కా!"

"పిచ్చి పట్టినవాళ్ళంతా అదే అంటారు. వంచు."

ఐసు నీళ్ళు మెడలోకి కారుతుండగానే నాలుగో అంతస్తు ఓమ్ తాత ఫోను చేశాడు. "మేనేజరూ, ప్రభుత్వం కరెంటు ఉత్తినే పోస్తోందటగా? చలికాలం కరెంటు పరుపు కూడా వేసేశాను. కింద కాలుతోంది, పైన గడ్డకడుతోంది. ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

ఉత్తినే అన్న మాట మెట్లెక్కి తొమ్మిదో అంతస్తు చేరేసరికి, వాడనివాళ్ళకి జరిమానా అయి కూర్చుంది. మేంగ్ మామ్మ తొడుగు తీసింది. ఆ ఏసీ మొగుడు కొన్నది. వేసి చూడకుండానే పోయాడు.

మొదటిరోజు జరిమానా భయంతో వేసినవాళ్ళు, మర్నాడు పక్కింటివాళ్ళని పిలిచి మరీ వేశారు. ఆ తరవాత మధ్యాహ్నం దాకా కూడా ఆగలేదు. గిల్సూ మురిసిపోయాడు. మురిసిపోకుండా ఉండాల్సింది.

ఎండ నిప్పులు చెరుగుతున్న రోజున కంపెనీ కబురు వచ్చింది. "ఏసీలు ఆపండి! ఒక్క గంట! లిఫ్టు మనదే!" అని గిల్సూ మైకులో అరిచాడు. ఒక్క యంత్రమూ ఆగలేదు. నిద్ర చెడుతోందని జనం ఏసీల ఊలు తొడుగులు తీసుకెళ్ళి స్పీకర్లకి తొడిగేశారు.

గిల్సూ మెట్లు పట్టాడు. తలుపులు బాదాడు. లోపలినుంచి గురకలే జవాబిచ్చాయి. నాలుక వేలాడేసుకుని తొమ్మిదో అంతస్తు చేరేసరికి మేంగ్ మామ్మ శాలువా కప్పుకుని తలుపు తీసింది.

"మామ్మగారూ, ఏసీ ఆపండి! మీ లిఫ్టు పోతోంది!"

"మెల్లిగా, నాయనా. లేస్తారు." వెనక నేల మీద ఇరుగుపొరుగు ముసలమ్మలు వరసగా పడుకుని ఉన్నారు. "ఆయన పోయాక నాకు కన్ను మూతపడింది ఈ వారమే. లోపలికొచ్చి తలుపెయ్యి, చల్లదనం పోతోంది."

గిల్సూ చేతిలో ఫోను మోగింది. "తగ్గించమంటే పెంచుతున్నారేమిటండీ!" అని బిన్ కేకలు. జవాబు చెబుదామని గిల్సూ గోడకి ఆనుకున్నాడు. చల్లగాలి మెడకి తగిలింది. వేసవి మొదలైన దగ్గరనుంచి అతనికీ నిద్రలేదు. మెలకువ వచ్చేసరికి గంట కాదు, పొద్దే పోయింది.

మర్నాడు బిన్ స్వయంగా వచ్చాడు. ఉద్యోగం పోయిందనుకుని గిల్సూ నడుము వంచి నిలబడ్డాడు. బిన్ అంతకంటే కిందికి వంగాడు.

"నిన్నంతా మీ లెక్కే చూస్తూ కూర్చున్నామండీ. ఇంత కాల్చే భవనం ఈ పేటలోనే లేదు! పొదుపుగా బతికేవాళ్ళతో మాకేం పని? మీ దగ్గరైతే తగ్గించడానికి బోలెడుంది. లిఫ్టు ముందే బాగుచేయిస్తాం. వేరే కంపెనీ వాళ్ళొస్తే మాత్రం తలుపు తీయొద్దు."

లిఫ్టు లేచింది. చుసక్ దగ్గరపడ్డా ఎండ తగ్గలేదు. గిల్సూ కొడవలి, సారా సీసా పట్టుకుని మొదటిసారి లిఫ్టులో పైకి వెళ్ళాడు.

"పదండి మామ్మగారూ. తాతగారి దగ్గరికి."

తలుపు జానెడు తెరుచుకుంది. మామ్మ కొడవలి వంక చూసింది, కిటికీలో కాలుతున్న కొండ వంక చూసింది.

"ఈ ఎండలో ఎందుకులే," అంది చివరికి. "ఆయన మట్టిలో చల్లగా పడుకున్నాడు. నన్నూ పడుకోనీ."

గిల్సూ ఒక్కడే వెళ్ళి గడ్డి కోసి, సారా పోసి వచ్చాడు. ఆ వేసవిలో అతను తలపెట్టిన పనుల్లో అనుకున్నట్టు జరిగింది అదొక్కటే.