ఒక పూట ఖాళీ రోడ్డు

పొద్దున్న తొమ్మిదింటికి భార్య పనికి వెళ్తుంది, తొమ్మిదింబావుకల్లా తను సముద్రానికి బయల్దేరతాడు. నిదానం వేసుకున్న పథకం ఇంతే. దీనికి గడప దాటనక్కర్లేదు, చమురు పోయించనక్కర్లేదు, ముందుగదిలో టీవీకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు. ఇంత చిన్న పథకం పాడవడానికి ఏముంటుందని మీరనుకోవచ్చు. అతనూ అలాగే అనుకున్నాడు.

నిదానం అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. డిపో గోడ మీద "నిదానమే ప్రధానం" అని రాసిన బోర్డు కిందే రోజూ బస్సు నిలుపుతాడని తోటి డ్రైవర్లు తగిలించిన పేరు. సిటీ బస్సు తోలడం మొదలుపెట్టి ఇరవయ్యొక్క ఏళ్ళు. ఒకటే రూటు, నలభై మూడు స్టాపులు. మూడో గేరు వేసేలోపల ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. ఖాళీ రోడ్డు మీద, ముందు ఎవరూ అడ్డం రాకుండా, వెనక ఎవరూ హారను కొట్టకుండా, ఒక్కసారి బండిని దాని మానాన పోనివ్వాలని అతని కోరిక. అందుకే లాంగ్ సర్వీసుకు మార్చమని మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాడు. రెండు తిరిగొచ్చాయి. మూడోది సూపర్వైజరు బల్ల మీద ఉంది. సముద్రపు ఒడ్డు ఊరికి వెళ్ళే బస్సు డ్రైవరు ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడు, ఆ సీటు ఎవరిదో ఈ వారంలోనే తేలాలి.

ఇక ఇంట్లో సముద్రం ఎలా వచ్చిందంటే, అతని బావమరిది ఒక పత్రికలో వీడియో గేముల గురించి రాస్తుంటాడు. కన్సోల్‌కు తగిలించి, కళ్ళకు కట్టుకుంటే ఎదుట వేరే లోకం కనిపించే కొత్త వీఆర్ హెడ్‌సెట్ ఒకటి, ఇంకా బజారులోకి రాకముందే, వాడి చూసి తొలి అభిప్రాయం రాయమని కంపెనీవాళ్ళు ఆ కుర్రవాడి చేతికిచ్చారు. అక్క ఇంట్లో టీవీ పెద్దదని సరంజామా అంతా నిన్న సాయంత్రం ఇక్కడికి మోసుకొచ్చాడు. కళ్ళకు పెట్టుకున్నాడు, నాలుగు నిమిషాలు ఆ లోకంలో కారు నడిపాడు, గోడ పట్టుకుని కిందికి జారాడు.

"కళ్ళు తిరుగుతున్నాయి బావా. నా వల్ల కాదు. రేపు ఒంటిగంటకి కంపెనీ మనిషి వచ్చి పట్టుకెళ్ళిపోతాడు. ఈలోగా నువ్వు నడిపి ఎలా ఉందో చెప్పు, నేను రాసుకుంటా."

"అందులో రోడ్డెలా ఉంటుందిరా?"

"కొండల మీంచి సముద్రం దాకా. పురుగన్నది ఎదురు రాదు."

ఆ మాట విన్నాక నిదానం మనసు మనసులో లేదు. తెల్లారగానే డిపోకు ఫోన్ చేశాడు. అసలు తప్పు ఇక్కడే జరిగింది. డిపోలో సెలవు అబద్ధాలకో పద్ధతుంది. జ్వరమంటే ఒక రోజు, కడుపునొప్పంటే రెండు రోజులు, నడుం పట్టేసిందంటే మూడు. ఎవరూ నమ్మరు, ఎవరూ అడగరు. కానీ డ్రైవరన్నవాడు చచ్చినా నోట రానివ్వకూడని మాట ఒకటుంది. ఇరవయ్యొక్క ఏళ్ళలో ఒక్క దొంగ సెలవూ పెట్టని మనిషికి ఈ విద్య పట్టుబడలేదు. నిన్నటి నుంచి చెవిలో ఉన్న మాటే నోటికొచ్చేసింది.

"కళ్ళు తిరుగుతున్నాయండీ."

"అలాగా! సరే, పడుకో," అని అవతల సూపర్వైజరు పెట్టేశాడు. కళ్ళు తిరిగే డ్రైవరుకు స్టీరింగు ఇవ్వరు, స్టోర్సులో కుర్చీ ఇచ్చి నట్లూ బోల్టులూ లెక్కపెట్టమంటారు. నిదానానికి ఈ సంగతి తెలియక కాదు. ఆ పూట అతని చెవికి సముద్రం తప్ప ఇంకేమీ ఎక్కలేదు.

తొమ్మిదింబావుకు తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు. హెడ్‌సెట్ కాస్త బరువుగానే ఉంది. తల వెనక మర తిప్పితే బిగిసింది. అద్దాలకు ఆవిరి పడితే తీసి బనీను అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. ఇయర్‌ఫోన్లు చెవుల్లో దూర్చగానే వీధి మొత్తం నోరు మూసుకుంది. చేతుల్లో ఉన్న రెండు పిడులు అక్కడ స్టీరింగు మీద రెండు చేతులయ్యాయి. ఎదురుగా కొండ, కొండ మీద రోడ్డు.

అలవాటు కొద్దీ పైనున్న అద్దంలోకి చూశాడు. ఇరవయ్యొక్క ఏళ్ళుగా ఆ అద్దంలో జనమే, ఒకరి భుజం మీద ఒకరి మొహం. ఇప్పుడు అందులో ఖాళీ రోడ్డు, దాని మీద ఎండ. ఇన్నాళ్ళూ కావాలనుకున్నది ఇంత దగ్గర్లో ఉందా అని నిదానానికి దుఃఖం లాంటి సంతోషం వచ్చింది. గేరు మార్చాడు. రెండు, మూడు, ఆ తర్వాత జన్మలో మొదటిసారిగా నాలుగు.

బ్రేకు వేలి దగ్గర ఉంటుందని బావమరిది చెప్పే వెళ్ళాడు. వేలికి చెప్పాడు సరే, కాలికి ఎవరు చెప్పాలి? మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలు దభీమని నేలను తన్నుతోంది. కింది వాటాలో ఉండే పిన్నిగారి ఇంట్లో ఆ చప్పుడుకు గిన్నెలు కదిలాయి.

పదకొండున్నరప్పుడు, సరిగ్గా మూడో కొండ దగ్గర, జేబులో ఫోను గుర్రుమని అదిరింది. చేసింది అతని బస్సు కండక్టరు. పదకొండేళ్ళుగా ఒకే బస్సు, ఒకే పలకరింపు, అతన్ని సొంత అన్నకంటే ఎక్కువగా చూసుకునే మనిషి. నిదానం ఒక ఇయర్‌ఫోను లాగి, తడుముకుంటూ ఫోను చెవి దగ్గర పెట్టాడు.

"అన్నా, ఎలా ఉంది? కళ్ళు తిరుగుతున్నాయట కదా!"

"ఉండమ్మాయ్, నాకేమీ కనిపించట్లేదు. ఫోను ఎటు పట్టుకున్నానో కూడా తెలీట్లేదు. తర్వాత మాట్లాడతా." అని పెట్టేసి మళ్ళీ కొండెక్కాడు.

కండక్టరమ్మ పరుగున వెళ్ళి సూపర్వైజరు గది తలుపు తోసింది. "సార్, కళ్ళు తిరగడం కాదు సార్. చూపే పోయింది!"

అదే సమయానికి పిన్నిగారు ఆ చప్పుడేమిటో కనుక్కుందామని మెట్లెక్కి, టీవీ వెనకున్న కిటికీలోంచి తొంగి చూసింది. పెద్దమనిషి కుర్చీలో బిగుసుకుని ఉన్నాడు. కళ్ళ మీద నల్లటి పెట్టె, దానికో తాడు. చేతులు గాలిలో వణుకుతున్నాయి, కాలు నేలకేసి కొట్టుకుంటోంది, మొహంలో మాత్రం నవ్వు. ఆ నవ్వుకే ఆవిడ ఎక్కువ హడలిపోయింది. వెంటనే నిదానం భార్యకు ఫోన్ చేసింది.

"అమ్మాయ్, కంగారు పడకు గానీ, మీ ఆయన కళ్ళకేదో మిషను బిగించారు. కరెంటు పెడుతున్నట్టున్నారు. ఒక్కడే నవ్వుకుంటున్నాడు."

కంగారు పడకు అన్నాక కంగారు పడనివాళ్ళెవరు? ఆవిడ కుట్టు మిషను మీద సగం చొక్కా అలాగే వదిలేసి, ఆటో ఎక్కి, దారిలో తమ్ముడికి ఫోన్ చేసి, ఏం చెప్పాలో తెలియక ఏడ్చి పెట్టేసింది. తమ్ముడు ఇటు పరిగెత్తాడు. డిపో నుంచి సూపర్వైజరు, అర్జీ ఉన్న ఫైలు చంకలో పెట్టుకుని, కండక్టరమ్మతో కలిసి జీపెక్కాడు. గోటితో పోయేది గొడ్డలి దాకా రావడమంటే ఇదే.

అందరూ మెట్ల దగ్గర కలుసుకుని ఒక్కసారే గదిలోకి వచ్చి పడ్డారు. నిదానానికి ఏం తెలుసు? మళ్ళీ ఇయర్‌ఫోను చెవిలో ఉంది, రోడ్డు కిందికి దిగుతోంది, గాలిలో ఎక్కడో కెరటాల హోరు వినిపిస్తోంది. గాఢంగా ఊపిరి పీల్చి, "అయిపోయింది... ఇంకొక్క మలుపు. వచ్చేస్తున్నా," అన్నాడు.

"అలా అనకండీ!" అని భార్య గొల్లుమంటూ మీద పడి పెట్టె ఊడబెరికింది.

సముద్రం పోయింది. ఆ చోట ఐదు మొహాలు వచ్చాయి. నిదానం కళ్ళు చిట్లించి ఒక్కొక్కరినీ పోల్చుకుంటూ సూపర్వైజరు దగ్గర ఆగిపోయాడు.

"నేను కనిపిస్తున్నానా?" అన్నాడు సూపర్వైజరు, వేళ్ళు ఆడిస్తూ.

"కనిపిస్తున్నారండీ," అన్నాడు నిదానం దిగులుగా.

"కళ్ళు తిరుగుతున్నాయా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఔనంటే స్టోర్సులో నట్లూ బోల్టులూ. కాదంటే దొంగ సెలవు. ఎటు చూసినా ఆ ఫైలులో సముద్రపు బస్సు లేదు. ఈలోగా బావమరిది రొప్పుతూనే ముందుకొచ్చాడు.

"కళ్ళు తిరిగింది నాకండీ, బావకి కాదు! ఇది ఆట. చాలామందికి పడదు. బావ రెండు గంటల నుంచి నడుపుతున్నట్టున్నాడు, చూడండి ఎలా ఉన్నాడో. బావా, బరువెలా ఉంది? ముక్కు నొక్కుతోందా?"

"నోర్ముయ్‌రా!" అంది అక్క. అప్పటికి ఆవిడ భయం పూర్తిగా కోపంలోకి మారింది. "గుడ్డివాళ్ళయిపోయారనుకున్నానండీ! దారంతా ఎలా వచ్చానో మీకు తెలుసా? ఆడుకోవాలనుంటే నాకు చెప్తే కాదంటానా?"

ఆడుకోవడం కాదని నిదానం చెబుదామనుకున్నాడు, మరేమిటంటే చెప్పడం చేతకాలేదు.

సూపర్వైజరు ముప్పై ఏళ్ళు బళ్ళ మధ్య బతికిన మనిషి, ఊరికే నమ్మే రకం కాదు. "ఏదీ, ఇలా తే," అని హెడ్‌సెట్ తనే తగిలించుకుని కుర్చీలో కూర్చున్నాడు. రెండో మలుపు కూడా రాలేదు. "ఆపండయ్యా! బండాపండి!" అని అరిచి, చెమటలు కక్కుతూ సోఫాలోకి ఒరిగాడు. పిన్నిగారు విసనకర్రతో విసిరింది, కండక్టరమ్మ మంచినీళ్ళు పట్టింది. బావమరిది "ఎన్నో నిమిషంలో తిరిగాయండీ?" అని పుస్తకం తీయబోయి అక్క చూపుకు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

కాస్త తేరుకున్నాక సూపర్వైజరు ఫైలు ఒళ్ళో పెట్టుకుని కలం తీశాడు. "ఇంత దారుణమైన దాంట్లో రెండు గంటలు కూర్చున్నావంటే నీ బుర్ర గట్టిదే. కానీ నా కళ్ళారా చూడాలి. పావుగంట నడుపు, మేమంతా టీవీలో చూస్తాం. తల తూలకపోతే నువ్వు ఫిట్టని రాసి, లాంగ్ సర్వీసు సంగతి ఇక్కడే తేల్చేస్తా."

కండక్టరమ్మ ఆనందంగా చేతులు రుద్దుకుంది. గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. నిదానం మర బిగించుకుని స్టీరింగు పట్టాడు. మళ్ళీ ఆ మూడో కొండ, మళ్ళీ ఎండ. ఈసారి ఆ రోడ్డు చివర నిజం సముద్రమే ఉంది. ఎంత బాగా నడిపాడంటే, సోఫాలో ఉన్నవాళ్ళు ఎవరూ అటూ ఇటూ ఒరగలేదు.

నాలుగో గేరు పడింది. రోడ్డు పక్కన, చెట్టు నీడలో, ఒక చిన్న రేకుల షెడ్డు కనిపించింది. బెంచీ ఒకటి, దాని మీద ఎవరూ లేరు. ఆ గేము తయారుచేసినవాళ్ళు అందానికి పెట్టి ఉంటారు. నిదానం గేరు తగ్గించాడు. పక్కకు తీశాడు. షెడ్డుకు సరిగ్గా ఎదురుగా బండి ఆపి, ఎడమవైపు చూస్తూ కూర్చున్నాడు.

పది లెక్కపెట్టేంత సేపయింది. ఉన్నట్టుండి వెనక నుంచి కండక్టరమ్మ, తను ఎక్కడుందో మరిచిపోయి, "రైట్, రైట్!" అంది. బండి కదిలింది.

ముందు మరో రెండు షెడ్లు వచ్చాయి, రెండింటి దగ్గరా ఆపాడు. చివరి షెడ్డు దాటి కొండ దిగుతుండగా, రెండు గుట్టల మధ్య, జానెడు నీలం కనిపించింది. అప్పుడే సూపర్వైజరు "చాలు, టైమయింది," అన్నాడు. కంపెనీ మనిషి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు.

సూపర్వైజరు కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. "ఫిట్టు!" అని ఒక సంతకం పెట్టాడు. తర్వాత అర్జీ మీద ఇంకేదో రాసి చదివి వినిపించాడు. "మనిషి లేని స్టాపులో కూడా బండి ఆపే డ్రైవరును నా సర్వీసులో చూడలేదు. ఇలాంటివాణ్ణి సిటీ రూటు నుంచి కదిలిస్తే జనం ఉసురు తగులుతుంది. రిటైరయ్యేదాకా ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చరాదు." ఫైలు మూసి, నిదానం భుజం తట్టాడు. "సన్మానం లాంటిదయ్యా ఇది. రేపు పొద్దున్నే డ్యూటీకి వచ్చెయ్."

అందరూ వెళ్ళిపోయాక గదిలో ఖాళీ కుర్చీ, నేల మీద మడమ పడిన మచ్చలు మిగిలాయి. భార్య కోపమంతా ఎటో పోయింది. పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "ఎక్కడి దాకా వెళ్ళారు?"

"నీళ్ళు కనిపించాయి," అన్నాడు. "ఇంకొక్క నిమిషముంటే ఒడ్డు కూడా కనిపించేది." ఆమె అతని చెయ్యి పట్టుకుంది. వెళ్ళాలనుందే, చాలా వెళ్ళాలనుందే, అని అతను పైకే అనేశాడు.

మర్నాడు పొద్దున మొదటి స్టాపులో, రోజూ కూరగాయల గంపతో ఎక్కే అవ్వ ఫుట్‌బోర్డు దగ్గరే నిలదీసింది. "నిన్న ఎక్కడికి పోయావయ్యా? గంట నిలబడ్డాను."

"సముద్రం చూడ్డానికి వెళ్ళానవ్వా."

"ఎట్టా ఉంది?"

"ఖాళీగా ఉంది," అని చెప్పి, ఆవిడ గంప లోపలికి చేరేదాకా నిదానం బ్రేకు మీంచి కాలు తీయలేదు.