ఒకటి, నాలుగు, రెండు

...వద్దని తను చెప్పే ఉంటాడు, బావే విని ఉండడు. కాదు, చెప్పలేదు. "చూద్దాం" అన్నాడు. తన మనసులో చూద్దామంటే వద్దని. ఆ సంగతి బావకెలా తెలుస్తుంది?

పొద్దున అనుకున్నది చిన్న పనే. పాటల పోటీ. ముగ్గురు జడ్జీల వెనక మూడు పెద్ద తెరలు. ఒక్కో తెర మీద ఆ జడ్జి ముఖం లైవ్‌లో కనిపించాలి, పాట అయ్యాక అక్కడే మార్కులు పడాలి. ఆ మూడింటికీ, ఆపరేటరుగా తన ముందుండే చిన్న తెరకీ కంప్యూటర్లో బొమ్మలు పంపే గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి సరిపోతుంది. తెరలు అద్దెకిచ్చే బావకి వరండాలో ఇంకో తెర ఉంటే బాగుంటుందని అప్పుడే తట్టింది. రెండో కార్డు పట్టుకొచ్చాడు.

"ఇది కూడా దూర్చెయ్ బామ్మర్దీ. లోపల ఖాళీ ఉందిగా!"

కొత్త కార్డు రాగానే కంప్యూటరు తెరలన్నిటికీ నంబర్లు మార్చేసింది. అది అతను గమనించేసరికి చివరి పాట మొదలైంది. పాడుతున్నది అతని భార్య. ఎడమ జడ్జి తల వెనక కుడి జడ్జి మీసాలు కనిపిస్తున్నాయి.

ఇంట్లో ఆమె కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున పాడుకుంటుంది. నలుగురి ముందు పాడటం ఇదే మొదలు. కుళాయి చాటున ఆమె, తెరల చాటున తను. ఇద్దరిలో ఒకరైనా బయటికొచ్చారు. ఈ పాట చెడకూడదు. గబగబా సెట్టింగులు తెరిచి, ఏ తెర ఏదో తెలుసుకునేందుకు "గుర్తించు" అన్న బటన్ నొక్కాడు.

ప్రతి తెర మీదా దాని నంబరు నిలువెత్తున లేచింది. జడ్జీల వెనక వరసగా ఒకటి, నాలుగు, రెండు.

మార్కులు పదికి.

భార్య చరణం మధ్యలో ఆగిపోయింది. ముందు వరసలో అత్త లేచింది.

"ఒకటా? మా పిల్లకి ఒకటా? పాటన్నా అవ్వనివ్వరా? ఎవరిచ్చారు ఆ ఒకటి?"

హాల్లో ఆ అంకెలు చూడనిది జడ్జీలు ముగ్గురే. వాళ్ళు వెనక్కి తిరిగేసరికి అంకెలు మాయమై, తెరల మీద వాళ్ళ బట్టతలలే కనిపించాయి.

"మేమింకా మార్కులే వెయ్యలేదమ్మా!"

"చూశాం లెండి! ఇంతింత అంకెలు!" హాలంతా అత్త పక్షం చేరింది.

బావ పరుగెత్తుకొచ్చి చెవిలో అన్నాడు. "నువ్వు నోరెత్తకు. జడ్జీల మీదికే పోనీ."

నోరెత్తకపోవడంలో అతనికి ఎవరూ నేర్పాల్సింది లేదు.

జడ్జీలు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడారు. గుమ్మం వైపొకసారి, అత్త వైపొకసారి చూశారు. పది, పది, పది. చప్పట్లు. కప్పు తెచ్చి భార్య చేతిలో పెట్టారు.

ఆమె కప్పు వైపు చూడలేదు. దూరాన్నుంచి అతనివైపే చూసింది. సగం పాటకి పదా? భయపడి ఇచ్చారని ఆమెకి ఇట్టే తెలిసిపోతుంది. రేపట్నుంచి కుళాయి ఇంకాస్త గట్టిగా తిప్పుతుంది.

చూద్దాం, అనుకున్నాడు అలవాటుగా. అనుకుంటూనే మైకు అందుకున్నాడు.

"అవి మార్కులు కావండీ. నా తెరల నంబర్లు. నేనే నొక్కాను. ఆవిడ పాట ఇంకా సగం ఉంది... పాడనివ్వండి."

భార్య కప్పు బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుంది.

ఆ ఒకటి ఇచ్చిందెవరో తెలిసిన అత్త, పాట అయ్యేదాకా ఆగుదామని కూర్చుంది.