తల దించితే అంగీకారం

కుందేళ్ళకు మాటలు వచ్చిన ఏడాదికి, వాటి ఇష్టం కనుక్కోకుండా కంట్లో కాటుక వేసి పరీక్షించకూడదని సర్క్యులర్ వచ్చింది. నగర శివార్లలోని నయనమంజరి కాటుక కంపెనీలో ఆ ఇష్టం కనుక్కునే పని ప్రసూనకు అప్పగించారు.

దానికి కారణముంది. కుందేలు అంగీకారం ఎలా ఉండాలో మీటింగులో ఎవరికీ తోచలేదు. సంతకం కుదరదు. నోటిమాట తీసుకుందామంటే రేపు కాదంటే దిక్కెవరు? అప్పటికి పెళ్ళై నలభై రోజులైన ప్రసూన తన పెళ్ళిచూపుల సంగతి చెప్పింది. నలుగురిలో కూర్చోబెట్టి "ఏమ్మా, ఇష్టమేనా?" అని అడిగారు. తను తల దించుకుంది. అంతే, ముహూర్తాల మాట మొదలుపెట్టారు. మేనేజర్ కోదండపాణి గారికి ఈ పద్ధతి నచ్చింది. తల దించితే అంగీకారమేనని ఫారంలో మూడో పేరాగా చేర్పించారు. కుందేళ్ళు మామూలుగానే తల దించుకుని ఉంటాయి కాబట్టి మొదటి నెలలో రెండువందల పదకొండు అంగీకారాలు వచ్చాయి.

కుందేళ్ళను 'మీరు' అనాలి. కాటుక ఎడమ కంట్లోనే వేయాలి. కుడికన్ను పోల్చి చూడటానికి. పరీక్ష అయినవాటిని ఎడమకంటికి తెల్లగుడ్డ కట్టి మూడు రోజులు వరండా అరల్లో ఉంచేవారు. ప్రసూన గాజుల చప్పుడు వినబడగానే కుడికళ్ళన్నీ ఒక్కసారిగా ఇటు తిరిగేవి.

"బాగున్నారా మేడమ్? సారు బాగున్నారా?" అని వరసగా పలకరించేవి.

ప్రసూనకు భలే సంబరంగా ఉండేది. ఓ పొద్దున భర్త వినీల్ తన టిఫిన్ బాక్సులో ఉప్మా మీద జీడిపప్పులతో నవ్వుమొహం దిద్దిన సంగతి వాటికే ముందు చెప్పింది. మూడు రోజులకోసారి అరల్లో కొత్తవి వచ్చేవి. అవీ సరిగ్గా అదే ప్రశ్న అడిగేవి.

రెండువందల పన్నెండో కుందేలు మాత్రం తల దించలేదు.

"ఇష్టమేనాండీ?" అంది ప్రసూన.

"లేదండీ."

ఫారం తిరగేసి చూసి, కోదండపాణి గారికి ఫోన్ చేసింది.

"వద్దంటోంది సార్."

"వద్దనడానికి గడి ఎక్కడుందమ్మా ఫారంలో? బెదిరినట్టుంది. కాస్త ఏదన్నా పెట్టి మళ్ళీ అడుగు."

ప్రసూన క్యారెట్ పెట్టి అడిగింది. మెంతికూర పెట్టి అడిగింది. ఫ్యాను తగ్గించి అడిగింది. కుందేలు అన్నీ తింది, ప్రతిసారీ మర్యాదగా లేదంది. ఎర్రటి కళ్ళు రెండూ రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నాయి. ఆ రెండు కళ్ళు అలాగే ఉండిపోతే బాగుండునని ప్రసూనకు మొదటిసారి అనిపించింది. కలం తీసి, ఫారం అంచున 'వద్దంది' అని రాయడం మొదలుపెట్టింది.

"మేడమ్, ఒక్కటడుగుతాను," అంది కుందేలు. "మీకు సారు నచ్చారు, తల దించారు. నచ్చకపోయుంటే?"

"దించేదాన్ని కాదు."

"అప్పుడేం చేసేవాళ్ళు?"

ప్రసూన నిజాయితీగా ఆలోచించింది.

"ఏమీ అనేవాళ్ళు కాదండీ. మావాళ్ళు మంచివాళ్ళు. ఇంకొకర్ని తీసుకొచ్చి మళ్ళీ అడిగేవాళ్ళు."

"ఎన్నిసార్లు?"

"దించేదాకా."

కుందేలు కాసేపు నమలడం ఆపింది.

"ఆ మాట మొదటే చెప్పాల్సింది మేడమ్. మీకింత శ్రమ ఉండేది కాదు," అని తల దించింది.

ప్రసూన సగం రాసిన మాటను నీటుగా కొట్టేసి, 'ఇష్టపూర్వకంగా' అని రాసింది. కాటుక వేసింది. కుందేలు కదల్లేదు, మూలగలేదు. గుడ్డ కట్టాక, ఇంట్లో సారుని అడిగానని చెప్పమంది.

ఆమె చేయి కడుక్కుని పక్క గదిలోకి వెళ్ళింది. రెండువందల పదమూడో కుందేలు బల్ల మధ్యలో, ముక్కు చెక్కకు ఆనేంతగా తల దించి కూర్చుని ఉంది.

"నేనింకా అడగలేదండీ," అంది ప్రసూన.

"గోడ పల్చన మేడమ్, అంతా వినబడింది," అంది కుందేలు తల ఎత్తకుండానే. "కానివ్వండి."