మౌసు కింద బెల్టు కాగితం

పెద్ద వరద వచ్చిన పన్నెండో ఏట, వానలకు నెల ముందు, మా పంపుల ఆఫీసులో ఆగిపోయిన యుద్ధం తిరిగి మొదలైంది.

పంపుల ఆఫీసంటే పల్లపు వీధుల్లో నిలిచిన వాననీటిని తోడి నదిలో పోసే ఆఫీసు. పంపులు మూడు. ఆఫీసర్లు కూడా ముగ్గురే: ఇంజనీరుగారు, హెడ్ గుమాస్తా, స్టోరు బాబు. పంపుకొకరు చొప్పున ఉన్నారని జనం నమ్మకం. నేను అటెండర్ని. అందరూ తాత అంటారు. రిటైరై నాలుగేళ్ళయింది గాని, ఆ రిటైర్మెంటు కాగితం ఇంకా బల్లల మీద తిరుగుతోంది కనుక రోజూ వస్తున్నాను.

ఇంజనీరుగారి తొలి ఉద్యోగం ఇక్కడే. తర్వాత నాలుగూళ్ళు తిరిగి, పొట్టా హోదా పెంచుకుని మళ్ళీ ఇక్కడికే బదిలీ అయ్యారు. కుర్చీలో కూర్చోకముందే అడిగారు:

"తాతా, ఆ పాత కంప్యూటరు ఉందా?"

ఉంది. పెద్ద వరదనాడు అందరికన్నా ముందు మేడెక్కించింది దాన్నే. తర్వాత కుర్చీలు ఎక్కాయి, తర్వాత ఫైళ్ళు. పంపుల సంగతి అవి మునిగాక గుర్తొచ్చింది.

దుమ్ము దులిపి మీట నొక్కితే పాత ఆట అలాగే ఉంది. గళ్ళు గీసిన నేల, దాని మీద నలభైమంది సైనికులు, ఎదురుగా శత్రువుల కోట. మనవాళ్ళొక ఎత్తు వేశాక వాళ్ళొక ఎత్తు వేస్తారు. తన వంతు రానిదే ఎవడూ కాలు కదపడు. ఎంతసేపు ఆలోచించినా అడిగేవాడు లేడు. ఇంత క్రమశిక్షణగల సైన్యం మా ఆఫీసుకి తప్ప ఎవరికి నచ్చుతుంది? ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆ ముగ్గురూ మూడేళ్ళు ఈ ఆటలోనే రాటుదేలారు. ఆఖరి కోట ముందుకొచ్చేసరికి వరద అడ్డొచ్చింది.

మొదటి రోజు కాస్త నిరాశపడ్డారు.

"ఈ సేనాపతికి అప్పట్లో ముక్కుండేది కదయ్యా! ఇదేమిటి, ఇటుక ముక్కలా ఉన్నాడు?" అన్నారు ఇంజనీరుగారు.

"ముక్కెప్పుడూ లేదు సార్. మనకి వయసుండేది" అన్నాడు స్టోరు బాబు.

మూడో రోజుకి ముగ్గురికీ ముక్కు కనబడింది. నాలుగో రోజు 'పూర్వానుభవ పునఃపరిశీలనా సంఘం' ఏర్పాటైనట్టు తలుపుకి నోటీసు అంటించారు. సంఘం సమావేశం పది నుంచి అయిదు దాకా. మధ్యలో టీ.

నా పని చిన్నది. మూడో పంపు బెల్టు పీచులు లేచిపోయింది. కొత్త బెల్టు స్టోరులో మేకుకి వేలాడుతోంది. దాన్ని దించడానికి ఇంజనీరుగారి సంతకం కావాలి. మూడో పంపు తోడేది మా అమ్మాయి ఉండే వీధి నీళ్ళు. ఆమె కింది గదిలో రెండు కుట్టు మిషన్లు పెట్టుకుని బతికేది. ఒకటి పెద్ద వరద మింగింది. ఒకటి మిగిలింది.

కాగితం పట్టుకెళ్ళి బల్లమీద పెట్టాను. ఇంజనీరుగారు వేళ్ళతో తడిమి చూశారు. "మంచి కాగితం తాతా, నున్నగా ఉంది" అని మౌసు కింద పెట్టుకున్నారు. ఉత్త బల్ల మీద మౌసు జారడం లేదట.

వారం తర్వాత గుర్తు చేశాను. "ఇప్పుడు లాగితే మన విలుకాడు గడి తప్పుతాడు, ఆగు" అన్నారు. ఇంకో వారానికి హెడ్ గుమాస్తా నన్ను పక్కకి పిలిచి, "తొందరపడకు తాతా. నీ ఫైలు ఇంత దగ్గరగా ఎవరి ఫైలూ రాలేదు. రోజంతా సారు చెయ్యి దానిమీదే ఉంటోంది" అని ధైర్యం చెప్పాడు.

సైనికుల మీద వాళ్ళకున్న దయ చెప్పనలవికాదు. ఎవడి గుర్రం కుంటుతోందో, ఎవడి డాలు పగిలిందో నోటికొచ్చు. ఒక్కడు చచ్చినా ముగ్గురూ కళ్ళొత్తుకుని, ఆటని దాచుకున్న చోటికి వెనక్కెళ్ళి వాణ్ణి బతికించేవారు. నెలాఖరు నివేదికలో 'ప్రాణనష్టం: లేదు' అని రాసుకున్నారు. ఇంజనీరుగారు లేచి నిలబడి ప్రసంగించారు కూడా:

"సోదరులారా! ఒక్క ప్రాణం పోకుండా ఊరిని కాపాడటమే నాయకత్వం. ప్రమాదం వచ్చాక పరిగెత్తేవాడు మూర్ఖుడు. రాకముందే చూసేవాడు ఇంజనీరు!"

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. బయట మబ్బు పట్టింది.

ఆ రోజే స్టోరు బాబు ఆప్యాయంగా తెరమీద వేలు పెట్టి, "చూశావా తాతా, నువ్వూ ఉన్నావు. అప్పట్లోనే నీ పేరు పెట్టాం" అన్నాడు.

చూశాను. కత్తి లేదు, డాలు లేదు. చేతిలో లాంతరు.

"నేనేం చేస్తానండీ?"

"అందరికన్నా ముందు వెళ్తావు. శత్రువు బాణం ఎంతదూరం వస్తుందో నిన్ను పంపి చూస్తాం."

"తగిలితే?"

"తగులుతుంది. మళ్ళీ లేపుతాం."

పెద్ద వరదనాడు పంపు గదిలో లోతెంతో చూసిరమ్మని పంపింది నన్నే. గొంతు దాకా ఉంది. ఆ రోజు ఎవరూ దేన్నీ దాచుకోలేదు.

ఆఖరి కోట ముట్టడి నాడు పొద్దుటి నుంచే వాన. మధ్యాహ్నానికి మా అమ్మాయి మోకాళ్ళ దాకా తడిసి తలుపులో నిలబడింది.

"నాన్నా, నీళ్ళు రెండో మెట్టుకొచ్చాయి. మూడో పంపు మోటారు ఉత్తినే తిరుగుతోంది, బెల్టు తెగింది."

"ఒక్క ఎత్తు ఆగమ్మా" అన్నారు ఇంజనీరుగారు, తెర మీంచి కళ్ళు తీయకుండా.

"మీ ఎత్తు అయ్యేలోగా నా మిషను అటకెక్కించాలండీ. మీరొచ్చి ఓ చెయ్యి వేస్తారా?"

ఇంజనీరుగారు ఆలోచించి ఆజ్ఞ ఇచ్చారు: "తాతా, ముందు నువ్వెళ్ళి లోతెంతుందో చూసిరా."

నేను బల్ల దగ్గరికెళ్ళి మౌసు కింది కాగితం లాగాను.

మౌసు ఎగిరిపడింది. సేనాపతి వంతెన మీంచి పక్క గడిలోకి అడుగేశాడు. పక్క గడి అగడ్త. సేనాపతి పోతే సైన్యం పోయినట్టేనట. పొద్దుటి నుంచి ఆటని ఎక్కడా దాచుకోలేదు. దాచే బాధ్యత హెడ్ గుమాస్తాది, ఆయన రాతపూర్వక ఉత్తర్వు కోసం చూస్తున్నాడు.

గదిలో ఏడుపొకటే తక్కువ. ఇంజనీరుగారి చేతికి కలం అందించాను. కలం అందితే సంతకం పెట్టడం ఆ చేతికి అలవాటు. పెట్టింది. స్టోరు బాబు తెరిచిన నోరు మూయకుండానే స్టోరు తాళంచెవి ఇచ్చాడు. నడుం లోతు నీళ్ళలో నేనూ అమ్మాయీ కలిసి బెల్టు ఎక్కించాం. నాలుగో మెట్టు దగ్గర నీళ్ళు వెనక్కి తిరిగాయి. గడప అయిదోది.

సాయంత్రం ఆఫీసులో సంతాపసభ జరిగింది. నలభైమంది వీరుల కోసం రెండు నిమిషాలు నిలబడ్డారు. అంతలో మా అమ్మాయి వీధివాళ్ళంతా బిలబిలమంటూ వచ్చారు. పంపు సంగతి అడగడానికేమో అనుకున్నాను. ముందున్నది మా అల్లుడే. ఇన్నాళ్ళూ కిటికీలోంచి ఆట చూస్తున్నారట.

"ఎడమ పక్క నుంచి రావాల్సింది సార్! వంతెన మీదకి సేనాపతిని ఎవడైనా పంపుతాడా?" అన్నాడు.

"మళ్ళీ మొదలుపెడితే మాకూ కనబడేలా పెద్ద తెర పెట్టించండి" అన్నారు వెనకవాళ్ళు.

అర్జీ అక్కడికక్కడే మంజూరైంది. ఆలోచన లేకుండా ఇంజనీరుగారు ఒప్పుకున్న పని నా ఎరికలో అదొక్కటే.

వాళ్ళననడమెందుకు. ఇంతదాకా చదివిన మీకు మాత్రం, ఒకటో పంపు, రెండో పంపు బెల్టులు ఎలా ఉన్నాయని అడగాలనిపించిందా? ఎడమ పక్క నుంచి వస్తే కోట దక్కేదేమోననే కదా చూస్తున్నారు.

మర్నాడు పొద్దున నా పేర మెమో వచ్చింది: 'లాంతరు మనిషి ఆజ్ఞ లేకుండా కదిలినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.' సంఘం రాకముందే గది ఊడ్చాను. మెమోని వేళ్ళతో తడిమి చూశాను. మంచి కాగితం, నున్నగా ఉంది. మౌసు కింద పెట్టి, రెండో పంపు బెల్టు దించుకు రావడానికి స్టోరుకెళ్ళాను. తాళంచెవి ఇంకా నా దగ్గరే ఉంది.